డబ్లిన్ నగరము – పరిసర దర్శనీయములు



ఐర్లండు ప్రసక్తి రాగానే తెలుగువారికి స్మరణకు వచ్చు పేరు వరాహగిరి వేంకటగిరిగారిది. బరంపురమున జన్మించిన ఆయన న్యాయశాస్త్రము చదువుటకై 1913లో డబ్లిన్ నగరమునకు వెళ్ళిరి. అచ్చటి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము కలదన్న అనుమానముచే 1916లో ఆ దేశమును విడువవలసి వచ్చినది. పిమ్మట 1969లో భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. ఆయన యౌవనమున చూచిన డబ్లిన్ వేరు, నేటి యాత్రికుడు చూచు డబ్లిన్ వేరు. అయినను ఆనాటి చరిత్రకు సాక్షులుగా ఒక తపాలా కార్యాలయమును, ఒక కారాగారమును ఇంకను నిలిచియున్నవి.

లిఫీ నదికి ఉత్తరమున ఓకానల్ వీధియందు ప్రధాన తపాలా కార్యాలయము కలదు. 1916 ఏప్రిల్ 24వ తేదీన పాట్రిక్ పియర్స్ దీని ముంగిట నిలిచి స్వతంత్ర ప్రకటనమును చదివెను. ఆ వారముననే భవనము అగ్నికి ఆహుతియైనది. 1929లో దానిని మరల తపాలా కార్యాలయముగనే తెరచిరి. ఒక జాతి పుణ్యస్థలమున గుమాస్తాలు కూర్చుండి తపాలా బిళ్ళలు విక్రయించుట, కార్యాలయ జీవులైన మనకు కొంత గర్వకారణమనియే చెప్పవచ్చును.

కారాగారము పేరు కిల్‌మేనమ్. 1796లో తెరువబడి 1924లో మూతపడినది. 1916 మే 3 మొదలు 12 వరకు పదునలుగురు నాయకులను ఇచ్చట కాల్చి చంపిరి. గాయపడి నిలువలేని జేమ్స్ కానలీని కుర్చీకి కట్టి కాల్చిరి. జోసెఫ్ ప్లంకెట్ తన మరణమునకు కొన్ని గంటల ముందు చెరసాల ప్రార్థనాలయమున గ్రేస్ గిఫర్డును వివాహమాడెను. అంతర్యుద్ధ కాలమున, 1923లో, ఆమెయు ఇదే చెరలో బందీ యయ్యెను. ఈ పర్యాయము బంధించినవారు పరాయి పాలకులు కారు, స్వదేశ ప్రభుత్వమే! గది గోడపై ఆమె వ్రాసిన మరియమ్మ చిత్రమును తరువాతివారు తిరిగి దిద్ది ఉంచినారు. పాడుపడిన ఈ కట్టడమును 1960 నుండి స్వచ్ఛంద సేవకులు వేతనము లేకయే బాగుచేయసాగిరి. 1966లో దీనిని తెరచిన రాష్ట్రాధ్యక్షుడు డీ వలేరా ఒకప్పుడు ఇచ్చటి ఖైదీయే. శత్రువు చేసిన దానితోపాటు తాము తమవారికి చేసిన దానిని గూడ దాచక చూపుట ఈ స్థలము విశేషము. విహారమునకు వచ్చినవానికి చెరసాల ఏల యని కొందరందురు. ఒక్క పూట మాత్రమే వ్యవధి గలవాడు తక్కినవన్నియు విడిచియైనను దీనిని చూచుట మేలు. టిక్కెట్టు ముందుగా తీసికొననిచో ప్రవేశము దుర్లభము.

తక్కినవానిలో, 1592లో స్థాపితమైన ట్రినిటీ కళాశాలయందలి కెల్స్ గ్రంథము ముఖ్యమైనది. అది దూడచర్మముపై ఇంచుమించు 800 ప్రాంతమున వ్రాసిన సువార్తల ప్రతి. బ్రిటిషు పాలనకు పీఠమైన డబ్లిన్ కోట ఆవరణలో చెస్టర్ బీటీ గ్రంథాలయము కలదు. అందు అక్బరునామా చిత్రపత్రములను చూచిన భారతీయునకు పరదేశమున బంధువు కనబడినట్లుండును. పైగా ప్రవేశ రుసుము లేదు. పిల్లలున్నవారికి ఫీనిక్స్ పార్కు చాలును. దాని విస్తీర్ణము 1,750 ఎకరములు. అందు లేళ్ళు స్వేచ్ఛగా తిరుగును.

పల్లెపట్టు చూడగోరువారు ప్రాతఃకాలముననే బయలుదేరవలెను. గొడుగు మరువరాదు. నగరమునకు దక్షిణమున, విక్లో కొండలలోని గ్లెండలాక్ లోయయందు రెండు సరస్సులును, కెవిన్ అను ముని ఆరవ శతాబ్దమున నెలకొల్పిన మఠపు శిథిలములును, సుమారు 30 మీటర్ల ఎత్తుగల గుండ్రని గోపురమును కలవు. ఉత్తరమున బోయిన్ నదీలోయలోని న్యూగ్రేంజ్ సమాధి ఈజిప్టు పిరమిడ్లకంటె ప్రాచీనము, సుమారు క్రీస్తుపూర్వము 3200 నాటిది. హేమంతమున పగలు మిక్కిలి కురుచగా నుండు దినములలో ఉదయసూర్యుని కిరణము ద్వారముపైనున్న రంధ్రమున ప్రవేశించి, 19 మీటర్ల ఇరుకు మార్గమున సాగి, లోపలి గదిని పదునేడు నిమిషములపాటు వెలిగించును. 1962లో త్రవ్వకములు ప్రారంభించిన ఆచార్య ఓ కెల్లీ 1967లో ఈ దృశ్యమును చూచెను. ఆ దినములలో లోపల నిలుచువారిని చీట్లు తీసి ఎన్నుకొందురు. మిగిలిన కాలమున వచ్చువారికి విద్యుద్దీపముతో ఆ వెలుగును అనుకరించి చూపుదురు.