అద్దె ఇల్లు, చేతిరాత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియంలో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. మా తెలుగు అక్కడక్కడా తడబడితే మన్నించాలి.

అమెరికా అనగానే అందరూ న్యూయార్కు, చికాగో అంటారు. వేసవి సెలవుల్లో మేము వెళ్ళింది మా తమ్ముడి కుటుంబం ఉండే కొలంబస్‌కు. ఇది ఇండియానా రాష్ట్రంలో ఉంది. ఒహాయోలో ఇదే పేరుతో మహానగరం ఒకటుంది, టికెట్టు కొనేవాళ్ళు జాగ్రత్త! మన కొలంబస్ జనాభా సుమారు 50 వేలు. 1919లో మొదలైన కమిన్స్ డీజిల్ ఇంజన్ల కంపెనీ ఈ ఊరికి అన్నం పెడుతోంది. అందుకే మన దేశపు ఇంజనీర్లు అక్కడ చాలామంది కనిపిస్తారు. ఊళ్ళో కట్టే బడులకు గొప్ప వాస్తుశిల్పుల చేత నమూనాలు గీయించి, వాళ్ళ ఫీజు ఆ కంపెనీ ఫౌండేషనే ఇచ్చే పద్ధతి 1950ల నుంచి ఉంది. 1969 నాటి గ్రంథాలయం ఐ.ఎం. పే గీసినది. మా బడి పైకప్పు వానకు కారినప్పుడల్లా ఆ ఊరు గుర్తొస్తుంది, ఏం చేస్తాం!

పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి ఎర్ర పలక చాపితే, వెనక వచ్చే కార్లన్నీ నిలబడిపోతాయి. సర్కారు బడిలో ఫీజు లేదు. కానీ ఏ బడి అన్నది ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. ఆ చిరునామాకు అద్దె ఒప్పందం కాగితం రుజువుగా పనికొస్తుంది. అందుకే పిల్లలున్నవాళ్ళు ముందు బడి చూసుకుని తర్వాత ఇల్లు చూస్తారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒకసారి మాకు బదిలీ అయిన ఊళ్ళో ఒక ఇంటాయన గదులన్నీ చూపించి, పేరు అడిగి, "ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ" అన్నారు. అలాంటి అనుభవం ఈ సభలో ఎందరికో ఉంటుంది. అక్కడ 1968 నాటి చట్టం ప్రకారం మతం, రంగు, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు. పిల్లలున్నారని కాదనకూడదని 1988లో చేర్చారు. యజమాని తానూ ఉంటున్న చిన్న ఇళ్ళకు కొన్ని మినహాయింపులున్నాయి. చట్టం ఉంటే మనసులు మారతాయని మేము అనం, అడగడానికి ఒక ఆధారమైతే ఉంటుంది.

అయితే చట్టం తెలిసీ మా తమ్ముడు తప్పులో కాలేశాడు. బడికి దగ్గరని ఇల్లు మారాడు. రెండు నెలలైనా పాత ఇంటి అడ్వాన్సు రాలేదు. "అడిగితే బాగుండదు భాయీజాన్, మంచివాళ్ళు" అంటాడు. ఇండియానాలో ఇల్లు అప్పగించాక 45 రోజుల్లో డబ్బయినా రావాలి, దేనికి ఎంత కోశారో జాబితా అయినా రావాలి. కానీ అద్దెదారు కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చేదాకా యజమాని మీద ఆ బాధ్యత పడదు. మావాడు నోటితో చెప్పి ఊరుకున్నాడు! పిల్లల కాపీ పుస్తకాలు దిద్దే మాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రే కూర్చోబెట్టి ఉత్తరం రాయించాం.

గడువు లోపలే చెక్కు వచ్చింది, వెంట జాబితా కూడా. తివాచీ అరిగినందుకు ఏమీ కోయలేదు. మామూలు వాడకంలో అరిగినదానికి కోయకూడదు కూడా. వంటగట్టు మీద పసుపు మరకకు మాత్రం కొంత తగ్గించారు. తమ్ముడు దానిమీదా ఉత్తరం రాద్దామని కాగితం తీశాడు. ఈసారి మేమే వద్దన్నాం. ఆ మరక మేము వెళ్ళిన మొదటి వారం మా ఇంటావిడ వండిన దాల్చాది.