ఎర్ర గీత వెనక ఉన్న మాట



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవారు మమ్మల్ని అడిగారు. మార్కుల సంగతి, బహుమతుల సంగతి వేరేవాళ్లు చెప్తారు. మేము ఒక్కటే చెప్పి దిగిపోతాం. మన పిల్లలు ఇంగ్లీషు రాసేటప్పుడు చేసే తప్పుల సంగతి.

మన పక్క కాలేజీల్లో బీయే చదివినా, బీకాం చదివినా పార్ట్ టూ ఇంగ్లీషు రాయాల్సిందే. మిగతావన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటే అరియరుగా నిలిచి, డిగ్రీ చేతికి రాని పిల్లలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఆడపిల్లైతే "ఇంక చాలు, సంబంధం చూద్దాం" అనేస్తాం. ఒక్క పేపరు దగ్గర ఒక బతుకు దారి మారిపోతుంది.

ఒక చెల్లెమ్మ తన కాగితం తెచ్చి మాకు చూపించింది. మన ఒట్టన్‌చత్రం కాయగూరల మార్కెట్ మీద రాయమన్నారట. రాసింది మూడు వాక్యాలు. వాటి నిండా ఎర్ర గీతలు. "ఇది పక్కన పెట్టు తల్లీ, మార్కెట్‌లో ఏం జరుగుతుందో మన భాషలో చెప్పు" అన్నాం. అంతే, పల్లెల నుంచి మూటలు ఎలా వస్తాయో, ధర ఎలా పలుకుతుందో, కేరళకు లారీలు ఎలా పోతాయో ఆగకుండా చెప్పింది. ఆ పిల్లకు చెప్పడానికి బోలెడంత ఉంది. ఎర్ర గీతకు భయపడి మూడు వాక్యాల్లో ఆపేసింది.

ఆ గీతల కింద ఏముందో కూడా చూశాం. ఇంగ్లీషువాళ్లు పేరు ముందు పెట్టే 'ఎ', 'ది' చాలాచోట్ల లేవు. తెలుగులో, తమిళంలో అలాంటి మాటలు లేవు గదా, ఎలా తోస్తాయి? "అమ్మతో చెప్పాను" అనేదాన్ని "ఐ టోల్డ్ విత్ మదర్" అని రాసింది. అక్కడ 'విత్' తప్పే. కానీ అది తెలివి తక్కువై వచ్చింది కాదు, మన 'తో' వెంట వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు మోసే పిల్లను మొద్దు అంటామా?

ఇలా ఆలోచించిన గురువులు మనకు ముందే ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో పనికి చేరి, సుమారు 30 ఏళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల పిల్లలకు చదువు లేదు. పంతులుగారు వాళ్ల భాష తాను నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. మన పిల్లలు నోట పలికే తెలుగులోనే రాయాలని పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

ఇంగ్లీషు చెప్పేవాళ్లలోనూ అలాంటి తల్లి ఒకరున్నారు, అమెరికాలో మీనా షానెస్సీ గారు. న్యూయార్క్‌లో 1970లో హైస్కూలు ముగించిన అందరికీ కాలేజీ తలుపులు తెరిచారు. పేదింటి పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు వచ్చి చేరారు. "వీళ్లకు రాయడం రాదు" అన్నవాళ్లే ఎక్కువ. సిటీ కాలేజీలో పాఠం చెప్పే ఆమె మాత్రం సుమారు 4,000 మంది పిల్లల కాగితాలు చదివి, ఏ తప్పు ఎందుకు వస్తుందో వెతికారు. 1977లో దాని మీద పుస్తకం వేశారు. తప్పుకు ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్క తెలిస్తే దిద్దవచ్చు అన్నదే అందులోని సారం.

ఇది మనకు కొత్తా? పడుగులో పోగు తెగితే గుడ్డ చింపి పారేయం. కొన వెతికి, ముడి వేసి, మళ్లీ నేస్తాం.

అందుకని మా మనవి ఇది. బిడ్డ రాసే ముందు ఆ సంగతి ఇంట్లో మన తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషు రాని అమ్మైనా, అవ్వైనా వినవచ్చు. "తర్వాత ఏమైంది?" అని అడిగితే చాలు. రాశాక పైకి చదవమనండి, సగం తప్పులు తన చెవికే తెలుస్తాయి. దిద్దేవాళ్లు ఒక వారం ఒక రకం తప్పే పట్టుకోండి. కాగితమంతా ఎర్రగా చేస్తే పిల్ల కలం పక్కన పెట్టేస్తుంది.

డిగ్రీ ముగించిన అన్నలు, అక్కలు ఆదివారం ఒక గంట ఇవ్వండి. చోటు మేము చూస్తాం. చాప వేసుకుని కూచున్నా చాలు. ఆ చెల్లెమ్మ మార్కెట్ కాగితం మళ్లీ రాస్తోంది, ఈసారి రెండు పేజీలు దాటింది. తప్పులు ఇంకా ఉన్నాయి, ఉండనీండి, దిద్దుకుంటాం. ఆమె రాయడం ఆపలేదు, మనకు అది ముఖ్యం.

ఈ మలరు ఫోనులో వస్తుంది. తెలుగు అక్షరాలు రాని పెద్దవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు పైకి చదివి వినిపించండి. సెలవు.