అంతర్జాలములోని పాఠము – పల్లెబడిలోని పిల్లలు

గ్రామపెద్దలారా!

మీ యూరి బడిలో ఆరవ, ఏడవ, ఎనిమిదవ తరగతులకు పాఠము చెప్పు నుపాధ్యాయుడు చేత ఫోను పట్టుకొని యుండుట మీరు చూచియే యుందురు. చూచినవారిలో కొందరు "ఈయన పాఠము మాని కాలము పుచ్చుచున్నాడు" అందురు. మరికొందరు "మన బడికిని క్రొత్త విద్య వచ్చినది, ఇక పిల్లలకు కొదువ లేదు" అందురు. ఈ రెండును తొందరపాటు మాటలే. ఆ ఫోనులో నున్న దేమి, దానిని బడిలో నెట్లు వాడినచో పిల్లలకు మేలు కలుగును, అందులకు ఊరివారు చేయదగిన దేమి అను మూడు సంగతులను నేడు మీకు మనవి చేసెదను.

అంతర్జాలమున ఉపాధ్యాయులకై కూర్చిన పాఠసామగ్రి మిక్కిలి గలదు. మన కేంద్రప్రభుత్వమువారి 'దీక్షా' యను భాండారము 2017వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయ దినోత్సవము నాడు, ప్రారంభింపబడినది. నేటి పాఠ్యపుస్తకములలో అక్కడక్కడ నల్లని చిన్న గళ్లతో నొక చదరపు ముద్ర కనబడుచుండును. ఆ ముద్రకు ఫోనును చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన బొమ్మలు, ప్రశ్నలు, చలనచిత్రములు ఎదుటికి వచ్చును. అమెరికా దేశమున కొలరాడో విశ్వవిద్యాలయమునందు, 2001లో నోబెలు బహుమానము నందిన భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ వీమన్ 2002లో 'ఫెట్' అను పేర నొక ప్రయత్నము నారంభించెను. విద్యార్థి తన చేతితో కదపి చూడదగిన శాస్త్రప్రయోగముల బొమ్మలు అందు గలవు. వానిని ఒకసారి దింపుకొన్నచో పిమ్మట అంతర్జాలము లేకున్నను వాడుకొనవచ్చును. మన దేశమందే అరవింద్ గుప్తాగారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టపు ముక్కలు, పాత కాగితములు మొదలగు పారవేయు వస్తువులతో శాస్త్రమును బోధించు ఆటవస్తువులను కల్పించి, వానిని చేయు విధమును ఎల్లరకు ఉచితముగా అంతర్జాలమున నుంచిరి. ఆయనకు 2018లో పద్మశ్రీ బిరుద మొసగబడినది. వీనిలో దేనికిని ఉపాధ్యాయుడు రుసుము చెల్లింప బనిలేదు.

ఇంత సంపద చేరువ నుండగా కొరత యేమని మీరడుగవచ్చును. గాదెలో విత్తనమున్నంత మాత్రమున చేను పండదు గదా! అదను చూడవలెను, పదును చూడవలెను, ఆ నేల కా విత్తనము తగునో తగదో విచారింపవలెను. పాఠమును అట్టిదే. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతబడినపుడు ఈ సత్యము మనకు స్పష్టముగా తెలిసినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు వినిపించిరి. అది చేయవలసిన పనియే, చేసినవారు అభినందనీయులే. అయినను పాఠము తెరమీద సాగిపోవుచుండగా, "నాకిది తెలియలేదు" అని పిల్లవాడు చేయి యెత్తినచో చూచువా రెవ్వరు? ఇంటికొక్కటే ఫోనుండి, అదియు తండ్రితో కూలికి వెళ్లినచో ఆ యింటి పిల్ల యేమి చేయును? కనుక చూపెడు పాఠము వేరు, చేయించెడు పాఠము వేరు. పదునొకండు మొదలు పదునాలుగు వరకు వయసుగల పిల్లలకు ఈ రెండవదియే ముఖ్యము. చేతితో ముట్టి తెలిసికొనుటనుండి మనసుతో లెక్కించి తెలిసికొనుటకు బుద్ధి దాటెడు వయస్సది. అచ్చట వంతెన లేకున్న పిల్లలు వల్లెవేయుటలో పడుదురు. వల్లెవేయుటతో విసిగినవారు బడినే విడుతురు.

చేయించెడు పాఠ మెట్టిదో రెండు ఉదాహరణములతో చెప్పెదను.

'ఫెట్' భాండారమున తూగుపలక యొకటి గలదు. పలకకు నడుమ ఇరుసు. ఇరుప్రక్కల ఇటుకలను, మనుష్యులను మనకు వలసిన దూరమున నిలుపవచ్చును. పలక క్రింద ఆధారపు స్తంభము లుండును. తెలివిగల ఉపాధ్యాయుడు ఆ స్తంభములను వెంటనే తీయడు. "పలక యే వైపునకు వంగును? ఏల?" అని ముందుగా అడిగి, ప్రతివాని యుత్తరమును పలకమీద వ్రాయించును. పిమ్మట స్తంభములను తీయును. ముందు తాను చెప్పినది తప్పిన పిల్లవాడు కారణము వెదకుట కారంభించును. పాఠము అక్కడ మొదలగును. ఇరుసుకు రెండు మూరల దూరమున నున్న ఐదు కిలోల బరువు, అవతల ఒక మూర దూరమున నున్న పది కిలోల బరువుతో సరితూగునని వారే కనుగొందురు.

అయితే పాఠ మక్కడ ముగియరాదు. మీలో పెద్దవారు ఏతాము త్రొక్కినవారో, త్రొక్కుచుండగా చూచినవారో యుందురు. ఏతపు మ్రానుమీద మనిషి అటు నడచిన బాన పైకి లేచును, ఇటు నడచిన బాన నూతిలోనికి దిగును. నడచినంత మాత్రమున ఆ మనిషి బరువు మారునా? మారదు. ఇరుసునుండి అతని దూరము మాత్రమే మారును. తూగుపలకలోని సూత్రము సర్వము ఆ నడకలోనే యున్నది. విద్యుత్తు మోటార్లు వచ్చిన పిమ్మట పుట్టిన పిల్లలు ఏతామును చూచి యెరుగరు. ఏ అడుగున మ్రాను వంగునో, ఎంత నీటికి ఎన్ని అడుగులు వేయవలసియుండెనో వారికి చెప్పగలవారు మీరే. కొలరాడోనుండి వచ్చిన బొమ్మకును మీ యూరి నూతికిని చుట్టరికము కలుపగలవారును మీరే.

రెండవ పాఠము నీడది. సుమారు 2,200 సంవత్సరములకు పూర్వము ఈజిప్టు దేశమందు అలెగ్జాండ్రియా నగరమున ఎరటోస్తనీసు అను పండితుడు, రెండు ఊళ్లలో మధ్యాహ్నపు సూర్యకిరణములు పడెడు తీరునందలి భేదమునుబట్టి భూగోళము చుట్టుకొలతను గణించెను. నేడు ఆ ప్రయోగమును వేర్వేరు దేశముల బడులు అంతర్జాలము ద్వారా కలసి చేయుచున్నవి. మన యూళ్లును చేయవచ్చును. శ్రీకాకుళములో నొక బడి, చిత్తూరులో నొక బడి ఏర్పరచుకొనవలెను. డిసెంబరు 21న రెండు చోట్లను మీటరు పొడవుగల కర్రను నిట్టనిలువుగా పాతి, పదునొకండున్నర మొదలు పండ్రెండున్నర వరకు ఐదేసి నిమిషములకు నీడకొనను గుర్తింపవలెను. అన్నిటికంటె కురుచయైన నీడయే ఆ యూరి మధ్యాహ్నపు నీడ. శ్రీకాకుళమున అది సుమారు 89 సెంటీమీటర్లు, చిత్తూరున సుమారు 74 సెంటీమీటర్లు ఉండును. కర్రను, నీడను కాగితముపై చిన్న కొలతకు గీచి, కోణమానినితో కర్రకొన యొద్ది కోణమును కొలిచినచో రెండు ఊళ్లకును సుమారు 5 అంశల భేదము కనబడును. ఉత్తర దక్షిణములుగా ఆ రెండు ఊళ్ల యెడము సుమారు 560 కిలోమీటర్లు. ఇది బాటవెంట దూరము కాదు. పటముమీద నిలువుగా కొలిచినది. 5 అంశలకు 560 అయినచో 360 అంశలకు ఎంత? 40,320. భూమి నిజమైన చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. పల్లెబడి పిల్లలు ఒక కర్రతో భూమిని కొలిచినవా రగుదురు! పైగా శ్రీకాకుళమున మధ్యాహ్నము చిత్తూరుకంటె దాదాపు ఇరువది నిమిషములు ముందుగా నగుటయు వారు గమనింతురు. అది వేరొక పాఠమునకు మొదలు.

ఇందు ఫోను చేసిన పని యెంత? అవతలి బడి కొలతను తెచ్చి యిచ్చుట మాత్రమే. తక్కిన దంతయు ఎండలో, మట్టిమీద, పిల్లల చేతులతో జరిగినది. మంచి పాఠమునకు గురుతు అదియే.

జాగ్రత్తలును చెప్పవలెను. అంతర్జాలములో నున్నదెల్ల నిజము కాదు. తప్పు లెక్కలును, వ్యాపారప్రకటనలును అందు గలవు. కనుక ఉపాధ్యాయుడు ముందురోజే పాఠమును తాను చేసి చూచుకొనవలెను. తన తరగతి పుస్తకముతో సరిచూడవలెను. ఇంగ్లీషులో నున్నదానిని పిల్లలకు తెలిసిన మాటలలోనికి మార్చుకొనవలెను. విద్యుత్తు పోయినను పాఠము ఆగకుండ కర్ర, తాడు, నాణెములు సిద్ధముగా నుంచుకొనవలెను. ఈ సన్నాహమునకు కాలము పట్టును. ఆ కాలమును ఇతరపు పనులకు లాగికొనకుండుట ఊరు చేయగల మొదటి సహాయము.

కావున పెద్దలారా, బడికి వెళ్లినపుడు "ఎన్ని తెరలు వచ్చినవి?" అని అడుగకుడు. "ఈ వారము పిల్లలు తమ చేతులతో చేసిన దేమి? వారు ముందుగా ఊహించిన దేమి? తేలిన దేమి?" అని అడుగుడు. పిల్లలు ఎండలో నీడ కొలుచుచుండగా చూచి, చదువు మాని ఆడుచున్నారని గదమాయింపకుడు. అటుకలమీద పడియున్న పాత తూనికకోల, కొలకర్ర, కుంచము, మానిక ఉన్నచో ఒక నెల బడికి ఎరువిండు. వారమునకొక గడియ బడికి పోయి, ఏతాము సంగతియో, చెరువు తూము సంగతియో, వాన రాకడను గుర్తించు విధమో ఉపాధ్యాయుని యెదుట పిల్లలకు చెప్పుడు. వారు మీ మాటను అంతర్జాలములోని మాటతో పోల్చి చూతురు. ఒకచోట మీరు గెలువవచ్చును, మరియొకచోట శాస్త్రము గెలువవచ్చును. ఏది గెలిచినను విచారించుట యను విద్య పిల్లలకు అబ్బును.

దూరదేశముల పాఠము క్షణములో మన యూరికి వచ్చుచున్నది. దానికి ఎదురేగి, మన నేలను చూపి, మన పనిముట్లను అందించి, మన పిల్లల భాషలో పలికింపవలసిన భారము ఉపాధ్యాయునిది. ఆయనకు బాసటగా నిలుచు భారము మీది. సెలవు.