కొత్త కళాశాలలో మొదటి మాసం



హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించిన పిల్లలలో కొందరు మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, ఆపైన ఇంజనీరింగు కళాశాలలో నేరుగా రెండవ సంవత్సరంలో చేరుతారు. దీనిని లేటరల్ ఎంట్రీ అంటారు. ఇంజనీరింగు ఫీజులో ఒక ఏడాది తగ్గిందని తల్లిదండ్రులు సంతోషిస్తారు. సంతోషించవలసినదే. అయితే ఆ విద్యార్థి తరగతిలో అడుగుపెట్టే వేళకు మిగిలినవారికి పరిచయాలై ఏడాది గడిచి ఉంటుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలవాలో అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి. పెండ్లికి మూడవనాడు చేరిన చుట్టం పరిస్థితి అది. మొదటి మాసంలోనే పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చి ‘ఇక వెళ్లను’ అనే పిల్లలలో చాలామందిని బాధించేది పాఠం కాదు, భోజనశాలలో ఒంటరిగా కూర్చొని తినవలసి రావడం.

ఈ పాఠశాలలో చదివి, సేలంలోని ఒక కళాశాలలో అలా చేరిన ఒక విద్యార్థి సంగతి ఇక్కడ చెప్పదగినది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం వలన తమిళం పాఠ్యాంశమైనది కనుక అతనికి ఆ భాష చదవను, వ్రాయను వచ్చును. కాని పరీక్ష తమిళం వేరు, హాస్టలు గదిలోని పరాచికాల తమిళం వేరు. మాట తప్పితే నవ్వుతారన్న బెరుకుతో పది రోజులు అతడు నోరు మెదపలేదు. గదిలోని సహచరుడు ఇంటి నుండి తెచ్చుకున్న మురుకుల డబ్బా ముందుకు జరిపితే, తెలుగింటి మొహమాటంతో ‘అవసరం ఇల్లై’ అన్నాడు. తెలుగులో అవసరమంటే అక్కర. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. తొందర లేదు, నిదానంగా తింటాడు కాబోలునని ఆ సహచరుడు డబ్బా మూత తీసి అక్కడే ఉంచాడట. మరునాడూ అదే మాట, అదే డబ్బా. మూడవనాడు మురుకులు మెత్తబడిన తరువాత ‘ఇంకెప్పుడు తింటావు?’ అని అడిగాడు. సంగతి తెలిసి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఏ తప్పు దొర్లుతుందని పది రోజులు మౌనం పట్టాడో ఆ తప్పే దొర్లింది, నష్టమేమీ కలుగలేదు.

అంతటితో స్నేహం కుదిరిందనుకోరాదు. డిప్లొమా నుండి వచ్చినవారికి గణితంలో తడబాటు సహజం. తక్కినవారు మొదటి ఏడాదిలో చేసిన కలనగణితం వీరు ఆ మేరకు చేసి ఉండరు. వీరికి మాత్రం లేతు యంత్రం మీద మరలు కోసిన చేతి అలవాటు ఉంటుంది. ఒక సాయంత్రం ఆ విద్యార్థి సమాకలనం లెక్క పట్టుకొని సహచరుని వద్దకు వెళ్లాడు. ఆ వారంలోనే సహచరుడు వర్క్‌షాపు పని పట్టుకొని ఇతని వద్దకు వచ్చాడు. ఆపైన రాకపోకలకు పిలుపు అక్కరలేకపోయింది.

‘ఎవరినీ ఏమీ అడగకు, నీ పని నీవు చూసుకో’ అని చెప్పి పంపే తల్లిదండ్రులు ఎక్కువ. ఆత్మాభిమానం మంచిదే, కాని నోట్సు అడగడం యాచన కాదు. ఎవరికీ ఏ విధంగానూ ఋణపడని వాని గది తలుపు తట్టడానికి ఎవరికీ కారణం దొరకదు.

తల్లులకు కష్టమనిపించినా చెప్పవలసిన మాట మరొకటి. శుక్రవారం సాయంత్రం సేలంలో బస్సెక్కితే రాత్రికి హోసూరు చేరవచ్చును. ఆడపిల్లలనైతే వారం వారం రావలసిందేనని పట్టుబట్టే ఇండ్లున్నాయి. కాని హాస్టళ్లలో స్నేహాలు కుదిరేది శని, ఆదివారాలలోనే. బట్టలు ఉతుక్కుంటూ, తలలు ఆరబెట్టుకుంటూ, పది రూపాయల టీని ఇద్దరు పంచుకుంటూ మాట్లాడుకునే మాటలు తరగతి వేళల్లో సాగవు. మొదటి మూడు వారాలైనా పిల్లలను అక్కడ ఉండనివ్వాలి. ఫోనులో బిడ్డ గొంతు గద్గదమైనంత మాత్రాన ‘వచ్చెయ్యమ్మా’ అనడం ప్రేమే, కాని తొందరపాటు ప్రేమ.

తెలుగు పిల్లలందరూ ఒక గదిలో గుమిగూడడం గురించి రెండభిప్రాయాలున్నాయి. తొలి వారాలలో అది ఊరట. మూడేండ్లూ అదే గది అయితే, సేలం వెళ్లి హోసూరులో ఉన్నట్లే.

స్నేహం ముసుగులో సాగే వేధింపును సర్దుకుపొమ్మని చెప్పరాదు. తమిళనాడులో ర్యాగింగును నిషేధించే చట్టం 1997లోనే వచ్చింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2009 నిబంధనల ప్రకారం, చేరేటప్పుడు విద్యార్థి, తల్లి లేదా తండ్రి ప్రమాణపత్రాలు ఇవ్వాలి. చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ. చదివి, అందులోని ఫిర్యాదు మార్గమేదో పిల్లలకు వివరించి సంతకం చేయాలి.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మనవి. 1888లో తిరుత్తణిలో తెలుగింట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరు ఊరిస్ కళాశాల నుండి మద్రాసు క్రైస్తవ కళాశాలకు మారినవారే. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఇవ్వగా, పుస్తకాలు కొనే స్తోమత లేని ఆ విద్యార్థి ఆ శాస్త్రాన్నే తీసుకున్నారు. ముందు నడిచినవారు ఇచ్చిన పాత పుస్తకాలవి.

సభామంటప ద్వారం పక్కన బల్ల మీద నేడు ఒక నోటుపుస్తకం ఉంచబడింది. సేలం, కోయంబత్తూరు, చెన్నై, బెంగళూరు, ఏ ఊరైనా సరే, అక్కడ చదివినవారు, నివసిస్తున్నవారు తమ పేరు, ఊరు, ఫోను సంఖ్య అందులో వ్రాయవలసినది. వచ్చే జూన్‌లో టి.సి. తీసుకొనే ప్రతి విద్యార్థికీ, వెళ్లే ఊరిలోని ఒకరి పేరు ఆ కాగితంతో పాటే కార్యాలయంలో ఇవ్వబడుతుంది.