పండులో దాగిన పురుగుకు వేడినీళ్ల చికిత్స



పైకి నిగనిగలాడే బంగినపల్లి పండు కోస్తే లోపల తెల్లటి పురుగులు కదలడం మీరు చూసే ఉంటారు. అది పండుఈగ పని. పక్వానికొచ్చే కాయ తొక్కకు సూదిమొనంత గాటు పెట్టి, లోపల గుడ్లు పెడుతుంది. కోత అయ్యాక పైపైన మందు కొడితే పురుగు సంగతేమో గానీ, ఆ మందు తినేవాళ్ల నోటికి చేరుతుంది.

వేడి అలా కాదు, గుజ్జులోకి దిగుతుంది. ఎగుమతి ప్యాక్‌హౌసుల్లో కాయల్ని 48 డిగ్రీల నీళ్లలో 60 నిమిషాలు ముంచి ఉంచుతారు. జపాన్‌కు పంపే కాయలకైతే ఆవిరి పట్టిస్తారు. గుజ్జు 47.5 డిగ్రీలకు వేడెక్కాక 20 నిమిషాలు ఉంచాలి. గుడ్డూ పురుగూ చస్తాయి, కాయ నిలుస్తుంది. వేడి మించితే తొక్క కమిలిపోతుంది, తగ్గితే పురుగు మిగులుతుంది. అందుకే ఇంట్లో కాగు పెట్టి, చేయి ముంచి అంచనా వేసే పని కాదిది. ఈ ఈగ వల్లే 2014లో యూరప్ మన మామిడిని ఆపేసింది, మరుసటి ఏడాది గానీ మళ్లీ రానివ్వలేదు.

తోటలో మాత్రం మీ చేతిలో పనే. రాలిన కాయల్లోంచి పురుగు నేలలోకి దూరకముందే, ఏ రోజువి ఆ రోజు ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పెట్టండి.