అతుకులోని పగులు



గ్రామ లెక్కలు వ్రాయువానికి ఉక్కుతో నేమి పని యని మీరు తలంపవచ్చును. నాకు తోచినంతవరకు ఈ విషయము లోహశాస్త్రమునకంటె లెక్కకే చేరువ. అందుచేత సాహసించితిని.

మన తడ మీదుగా చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుదారి 1899లో పూర్తియైనది. వెనుక పట్టాల కొసలను పలకలతో బిగించి నడుమ సందు విడిచెడివారు. ఆ సందులమీద బండి టకటకమనుచు పోవుట పెద్ద లెరుగుదురు. ఇప్పుడు పట్టాలను ఒకదానికొకటి వెల్డింగుచేసి చాల దూరము ఏకముగా నుంచుచున్నారు. ఆ చప్పుడు చాలవరకు పోయినది. దారిమీదనే అతుకువేయు విధాన మొకటి చూడదగినది. అల్యూమినియము పొడిని ఇనుప ఆక్సైడుతో కలిపి మూసలో నంటింతురు. రెండువేల డిగ్రీలకు మించిన వేడి పుట్టి, కరగిన ఉక్కు సందులోనికి దిగి గడ్డకట్టును. గోల్డ్‌ష్మిట్ అను జర్మను రసాయనవేత్త కనిపెట్టిన ఈ పద్ధతిని మొదట పట్టాలకు వాడినది ఎస్సెన్ నగరమున, అదియు 1899లోనే!

అతుకు చూచుటకు గట్టిగనే యుండును. మరి పగులు ఎక్కడినుండి వచ్చును? మోయరాని బరువు పడి విరుగుట వేరు. మోయగల బరువునే లక్షలమార్లు మోసి విరుగుట వేరు. ఈ రెండవదానిని ఇంజనీర్లు లోహపు అలసట యందురు. భారతమున నలోపాఖ్యానము చదివినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. కలి నలునియందు ప్రవేశింపవలెనని ఏండ్లతరబడి కాచియుండి, శౌచమున చిన్నలోపము కనబడగనే చొచ్చెను గదా! అతుకులో నట్టి లోపము చిక్కుపడిన గాలిబుడగ కావచ్చును, మలినపు రేణువు కావచ్చును, సరిగా కరగి కలియని అంచు కావచ్చును. దీనికితోడు గడ్డకట్టు లోహము కుదించుకొనుటచే, పైన ఏ బరువు లేకున్నను అతుకు లోలోపల లాగుకొనుచునే యుండును.

ఇక పగులు పెరుగు తీరు. ఇది అచ్చముగా చక్రవడ్డీ. మొదట ఒక్కొక్క చక్రము దాటినప్పుడు వెంట్రుక మందములో వేయవవంతైనను సాగకపోవచ్చును. పగులు పొడవైనకొలది దాని కొనయందు ఒత్తిడి హెచ్చును; ఒత్తిడి హెచ్చినకొలది అది మరింత వడిగా సాగును. 1960 ప్రాంతమున పాల్ పారిస్ అను అమెరికా ఇంజనీరు దీనికొక సూత్రము కట్టెను. ప్రతి బరువుకు అతుకుమీద పడు ఒత్తిడి రెట్టింపైనచో ఆయువు సగమగునని మనమనుకొందుము. ఆ సూత్రము ప్రకారము అది సుమారు ఎనిమిదవవంతునకు దిగును. మరియొక వింత: గట్టిరకపు ఉక్కు వాడినంతమాత్రమున అతుకు ఆయువు పెద్దగా పెరుగదు. లోపము అతుకుతోడనే పుట్టియుండును. పత్రము వ్రాసిన నాటినుండియే వడ్డీ నడచును.

లోకమునకు దీనిని తెలియజేసిన ఘోరమొకటి 1980 మార్చి 27న ఉత్తర సముద్రమున జరిగినది. నూనెబావుల పనివారు బసచేయు ‘అలెగ్జాండర్ కీలాండ్’ అను తేలుడు కట్టడపు కాలొకటి ఊడి, అది తలక్రిందులయ్యెను. 212 మందిలో 123 మంది మరణించిరి. కారణము వెదకగా ఒక గొట్టపు దూలము తేలినది. సముద్రములో ధ్వనిని గ్రహించు చిన్న పరికరమును తగిలించుటకై దానికి పీట నమర్చి, 6 మిల్లీమీటర్ల అతుకు వేసియుండిరి. దూలము విరుగుట అక్కడ మొదలైనది. ఆ పగులు లోపల రంగు కనబడెను! అనగా కట్టడమునకు రంగువేయునాటికే పగులు వెలిసి యున్నదన్నమాట. చిట్టాలో దొరకని తేదీని ఆ రంగు చెప్పినది. బరువు మోయుటకు వేసిన అతుకులను జాగ్రత్తగ చూచినవారు, ఊరకే తగిలించిన అతుకును లెక్కలో వేయలేదు.

మన దారిమీద చూపు మానరు. పట్టా వెంట నడచు కీమ్యాన్ కంటితో చూచును. చెవికి వినబడని ధ్వనితరంగములను పట్టాలోనికి పంపు యంత్రము కంటికందని లోపమును చూచును. అనుమానపు అతుకుకు ఇరుప్రక్కల పలకలు బిగింతురు. చలికాలపు తెల్లవారుజామున పట్టా కుదించుకొనబోయి బిగిసియుండును గనుక పగిలిన అతుకు విడిపోవుట అప్పుడే ఎక్కువ. మనము దుప్పటి ముసుగులో నున్న వేళ దారివెంట కదలు ఆ లాంతరును నేను తక్కువ కొలువుగ నెంచజాలను.

పట్టాలను చూచుటకు వారున్నారు. మన ట్రాక్టరు ట్రైలరు కొక్కెమును ఎవరు చూచుచున్నారు? గుంతలలో పడినప్పుడెల్ల దాని అతుకుకు దెబ్బయే. పులికాటు ఉప్పుగాలి తుప్పుపట్టించి పగులును తొందరపెట్టును. ట్రైలరుమీద మూటలే గాక కూలిజనమును కూర్చుండబెట్టి పెద్దరోడ్డు దాటించుచున్నాము. కొక్కెమును శుభ్రముగ తుడిచి, కిరసనాయిలు పూసి, పావుగంట తరువాత పొడిబట్టతో తుడిచి, సుద్దపొడి చల్లుడు. బీటయున్నచో లోనికి దిగిన కిరసనాయిలు ఊరి తడిగీత తేలును. లోపలి లోపము దీనికి దొరకదు గాని, పైకి తెరచుకొన్న బీట దొరకును. అట్టి బీటమీద మరల వెల్డింగు పూయించి ఊరకుండరాదు; పగులు క్రిందనే యుండును. దానిని మొదలంట అరగదీయించి, ఆ పిమ్మట అతికించి, అంచులను నునుపు చేయింపవలెను. ఈ పని వరికోతలకు ముందుగనే జరుగవలెను. కోతలలో ట్రైలరు ఒకపూట నిలుచునా?