బాయికాటు – వెలి



ఆత్రేయపురపు రచ్చబండకడ అరగంట కూర్చున్నవారికి కమిటీ, మెంబరు, పార్టీ, లీడరు, మీటింగు అను మాటలు వినబడక మానవు. ఇవి ఇంగ్లీషువని ఎవరికిని తోచదు. తెలుగునకు ఇట్టి మాటలు లేక వీనిని తెచ్చుకొంటిమా యన్నచో, లేకపోలేదు. వినుటకు కూడినది సభ, ముచ్చటించుటకు కూడినది గోష్ఠి, ఆడుటకు జట్టు, కొట్టుటకు మూక, దోచి పంచుకొనుటకు ముఠా. ఇంగ్లీషువారి మాబు కూడ మన మూక వంటిదే. చంచలమైన జనము అను అర్థముగల లాటిను పలుకును కత్తిరించి 17వ శతాబ్దమున వారు దానిని చేసికొనిరి. పార్టీ అనగా మూలార్థమున భాగము. ఊరు రెండు భాగములైన పిదప ఆ పేరు అతుకుటలో వింతలేదు.

ఈ మాటలన్నిటిలో బాయికాటు కథ వేరు. అది ఒక మనుష్యుని యింటిపేరు. ఐర్లండు దేశమున మేయో ప్రాంతమందు ఎర్న్ ప్రభువు భూములకు కెప్టెన్ చార్లెస్ బాయికాట్ ఏజెంటు. 1880లో పంట చెడగా రైతులు శిస్తులో నూటికి 25 వంతులు తగ్గింపు కోరిరి; ప్రభువు 10 వంతులే యిచ్చెదననెను. బాయికాట్ వారిని భూములనుండి వెడలగొట్టబూనెను. రైతులు అతనిపై చేయి చేసికొనలేదు. కూలీలు పనికి పోవుట మానిరి. దుకాణదారులు సరకు అమ్మరైరి. చివరకు ఉత్తర ప్రాంతమునుండి 50 మంది వచ్చి పంట తీయవలసివచ్చెను. వారికి కాపుగా సుమారు వేయిమంది సైనికులు! 500 పౌనుల పంటకు 10,000 పౌనుల వ్యయమైనదని లెక్క. ఇట్టి సేద్యమును ఏ లెక్కపుస్తకమును ఓర్వదు.

ఈ పనికి ఇంగ్లీషున అప్పటికే ఆస్ట్రసిజం అను పేరు కలదు. పూర్వము ఏథెన్సు పౌరులు పెంకులపై పేరు గీసి, ఒకనిని పదియేండ్లు నగరము వెడలగొట్టెడివారు; పెంకు అను గ్రీకుమాటనుండి అది వచ్చినది. అంత మాట పల్లెజనమునకు బోధపడదని, దానికి మారుగా కెప్టెను పేరునే వాడుడని ఓమాలీ అను మతాచార్యుడు సలహా యిచ్చెనట. రైతుల నోట పలుకుటకై పుట్టిన మాట యగుటచేతనే కాబోలు, అది మన రైతుల నోటను ఇంత సులువుగా పలుకుచున్నది.

మరుసటి యేడే, 1881 డిసెంబరు 11న, మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరు వారికి చేసినదియు ఇట్టిదే. వంటవారు రారైరి, రాజ్యలక్ష్మమ్మగారు తామే వంటకు పూనుకొనిరి. బంధువులు గడప తొక్కుట మానిరి. కాని దాని పేరు బాయికాటు కాదు, వెలి. మేయోలో పదిమంది కూలీలు ఒక అధికారిని విడిచిరి; ఇచ్చట పదిమంది పెద్దలు ఒక యింటిని విడిచిరి. చేష్ట యొకటే, బలము ఉన్న చోటు వేరు. 1907లో బిపిన చంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి సీమగుడ్డల బహిష్కారము బోధించినప్పుడు జనము మెచ్చినది మొదటి తీరును.

నేడు రెంటిని ఒకే పేర పిలుచుచున్నాము. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కరు విగ్రహముపై తగవు పుట్టగా దళితులకు పొలముపనులు, కౌళ్ళు నిరాకరింపబడినవి. పత్రికలు సాంఘిక బహిష్కరణ యని వ్రాసినవి. మాటలో తప్పులేదు, కాని ఆ మాట చదివినవానికి మేయో రైతులును, కూలి దొరకని కుటుంబమును ఒకే వరుసన నిలిచినట్లుండును. ఒకరు పని మానిరి, ఒకరికి పని మాన్పించిరి. దళితులపైని అత్యాచారములను నివారించు చట్టమునకు జరిగిన సవరణ 1916లో కాదు, 2016 జనవరి 26న అమలునకు వచ్చినది! సాంఘికముగా గాని ఆర్థికముగా గాని ఇట్లు బహిష్కరించుటయే కాక, బహిష్కరింతుమని బెదరించుటయు దాని ప్రకారము నేరము.

వెలి యనగా తెలుగున బయట యని అర్థము. తప్పు చేసినవానిని వెలివేయుట యన్నారు. ఏ తప్పును చేయకయే, ఏ పెంకుపైనను పేరు గీయబడకయే, తరతరములుగా ఊరి బయట నున్నవారి యిండ్లను వెలివాడ యన్నారు. ఆ మాటకు ఇంగ్లీషున సరియైన పర్యాయపదము దొరకదు.